టెక్ సందేహాలు: 600 మంది కస్టమర్లకు మెయిల్ పంపాలంటే?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే సంగతి అడిగాయి. వ్యాపారం చిన్నది, కస్టమర్లు కొద్దిమందే, వాళ్లకు మెయిల్స్ పంపడం ఎలా మొదలుపెట్టాలని. అందుకే మిగతా సందేహాలను వచ్చే వారానికి ఉంచి, దీని మీదే రాస్తున్నాను.

ప్రశ్న: నేను చేతితో కుట్టిన బ్యాగులు అమ్ముతాను. మూడేళ్లుగా కొన్నవాళ్ల మెయిల్ ఐడీలు ఎక్సెల్ షీట్‌లో రాసిపెట్టుకున్నాను, 600 దాకా ఉన్నాయి. కొత్త డిజైన్ల గురించి చెబుదామని జీమెయిల్‌లో అందరినీ బీసీసీలో పెట్టి పంపుతుంటే, లిమిట్ దాటిందంటూ ఆగిపోయింది. ఇప్పుడు మామూలు మెయిల్స్ కూడా వెళ్లడం లేదు. నా అకౌంట్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు, టెన్షన్ పడకండి. మామూలు జీమెయిల్ అకౌంట్ నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. అది దాటితే పంపడం ఆపేస్తారు. 24 గంటల్లోపు దానంతట అదే మళ్లీ పనిచేస్తుంది.

రేపు కొందరికి, ఎల్లుండి కొందరికి పంపితే సరిపోతుంది కదా అనిపించొచ్చు. దయచేసి ఆ పని చేయకండి. బీసీసీలో పంపిన మెయిల్‌ని వద్దనుకునేవాళ్లకు ఆపుకునే దారి ఉండదు. ఏ ఐడీ పనిచేస్తోందో, ఏది చేయడం లేదో మీకు లెక్క దొరకదు. కంగారులో ఒక్కసారి బీసీసీకి బదులు సీసీలో పెట్టారంటే, ఆ మెయిల్ అందుకున్నవాళ్లందరి ఐడీలూ అందరి చేతుల్లో పడతాయి. దాన్ని వెనక్కి తీసుకోలేం.

ఈ పని కోసమే మెయిల్‌చింప్, బ్రేవో, మెయిలర్‌లైట్ లాంటి సర్వీసులు ఉన్నాయి. మొదట్లో ఉచిత ప్లాన్ చాలు. వాటి పరిమితులు తరచూ మారుతుంటాయి కాబట్టి, చేరేముందు ఎంతమందిని చేర్చుకోవచ్చు, ఎన్ని మెయిల్స్ పంపొచ్చు అన్న రెండు అంకెలూ చూసుకోండి. ఏ సర్వీసు మంచిదా అని వారాల తరబడి తేల్చుకోలేక ఆగిపోవద్దు. జాబితాను ఎప్పుడు కావాలన్నా డౌన్‌లోడ్ చేసుకుని ఇంకో సర్వీసుకి మారిపోవచ్చు.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది మీ ఎక్సెల్ షీటు. ఆ 600 మంది మీకు ఐడీ ఎందుకిచ్చారు? ఆర్డర్ వివరాలు రావడానికి. కొత్త డిజైన్ల కబుర్లు పంపమని వాళ్లు అడగలేదు. కాబట్టి ముందు అడగాలి. షీట్‌లో రెండు గడులు అదనంగా వేయండి: చివరగా ఎప్పుడు కొన్నారు, మెయిల్స్‌కి ఒప్పుకున్నారా లేదా. ఈమధ్య కొన్నవాళ్లతో మొదలుపెట్టి, రోజుకు యాభై మందికి మించకుండా ఇలా రాయండి:

"పోయిన ఏడాది మా దగ్గర మీరు నీలం రంగు భుజం బ్యాగు కొన్నారు. కొత్తగా ఏం కుట్టామో నెలకు ఒక్క మెయిల్‌లో చెప్పాలనుకుంటున్నాను. కావాలంటే ఈ లింక్ నొక్కండి. నొక్కకపోతే ఇక మెయిల్ రాదు."

చివరి వాక్యాన్ని మాట ప్రకారం పాటించండి. ఎప్పుడో మూడేళ్ల కింద కొని, మళ్లీ ఇటు చూడనివాళ్లను వదిలేయడమే మంచిది. 600లో వంద మందే సరేనన్నా నిరుత్సాహపడకండి. అడగకుండా 600 మందికి పంపడం కంటే ఆ వంద మందికి పంపడం ఎందుకు మేలో లెక్క చూస్తే తెలుస్తుంది. స్పామ్ అని ఫిర్యాదు చేసేవాళ్లు 0.3 శాతానికి చేరకూడదని గూగుల్ చెబుతోంది. అసలు 0.1 శాతం లోపే ఉంచుకోమంటోంది. 600 మందిలో ఇద్దరు స్పామ్ బటన్ నొక్కితే చాలు, 0.33 శాతం అవుతుంది. అదే తీరు కొనసాగితే, ఇష్టపడి చేరినవాళ్లకు పంపే మెయిల్స్ కూడా స్పామ్‌లోకి పోతాయి.

ఇకమీదట కొనేవాళ్ల కోసం ఆర్డర్ ఫారంలోనే ఒక టిక్ బాక్స్ పెట్టండి. ముందే టిక్ చేసి ఉంచకండి. టిక్ చేసినవాళ్లకు 'మీరేనా చేరింది?' అని నిర్ధారణ మెయిల్ వెళ్లేలా సర్వీసులో డబుల్ ఆప్ట్-ఇన్ ఆన్ చేయండి. ఐడీలో ఒక అక్షరం తప్పు కొట్టినా, ఎవరైనా వేరేవాళ్ల ఐడీ ఇచ్చినా అక్కడే తేలిపోతుంది.

చట్టం మాట కూడా ఒకటి చెప్పాలి. మీ కస్టమర్లు ఏ దేశంలో ఉంటే అక్కడి నిబంధనలు చూసుకోవాలి. యూరప్‌లో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ (వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం) ప్రకారం, అనుమతి తీసుకున్నామని అంటే దానికి రుజువు చూపించాలి. అమెరికాలో 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ప్రకారం ప్రతి ప్రచార మెయిల్‌లోనూ మీ పోస్టల్ అడ్రస్, ఆపుకునే దారి ఉండాలి. వద్దన్నవాళ్లకు పది పనిదినాల్లోగా ఆపేయాలి.

ప్రశ్న: సర్వీసులో చేరి, నాకు నేనే టెస్ట్ మెయిల్ పంపుకుంటే స్పామ్‌లో పడింది. 'ఫ్రమ్' దగ్గర నా జీమెయిల్ ఐడీనే పెట్టాను. నాకు సొంత వెబ్‌సైట్ ఉంది.

జవాబు: తేడా ఆ జీమెయిల్ ఐడీతోనే వచ్చింది. మెయిల్ బయల్దేరింది ఆ సర్వీసు వాళ్ల సర్వర్ నుంచి, మీద ఉన్న పేరేమో జీమెయిల్‌ది. అందుకున్న సర్వర్‌కి ఇది ఎవరో పేరు మార్చుకుని పంపినట్టే కనిపిస్తుంది. మీకు సొంత వెబ్‌సైట్ ఉందంటే డొమైన్, అంటే ఆ వెబ్‌సైట్ చిరునామా పేరు, కూడా ఉన్నట్టే. ఆ డొమైన్ పేరుతోనే ఒక మెయిల్ ఐడీ పెట్టుకుని, దాని నుంచి పంపండి.

దాంతోపాటు డొమైన్‌కి మూడు రికార్డులు ఉండాలి. ఎస్‌పీఎఫ్ అంటే, మీ తరఫున మెయిల్ పంపడానికి ఏ సర్వర్లకు అనుమతి ఉందో చెప్పే జాబితా. డీకిమ్ పాతకాలపు ఉత్తరం మీద లక్క ముద్ర లాంటిది. దారిలో ఎవరైనా మెయిల్‌ని మారిస్తే ముద్ర చెదిరి తెలిసిపోతుంది. ఈ రెండు పరీక్షల్లో ఏ ఒక్కదానిలోనూ మీ డొమైన్ పేరుతో నెగ్గని మెయిల్‌ని ఏం చేయాలో చెప్పేది డీమార్క్. జీమెయిల్ ఐడీలకు రోజుకు 5,000కు పైగా మెయిల్స్ పంపేవాళ్లకు ఈ మూడింటినీ గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేసింది. యాహూ కూడా పెద్ద ఎత్తున పంపేవాళ్లకు అలాంటి నిబంధనలే పెట్టింది. మీరు పంపేవి తక్కువే అయినా మూడూ పెట్టుకోండి.

ఏ రికార్డు ఎలా ఉండాలో మీ సర్వీసు చూపిస్తుంది. దాన్ని కాపీ చేసి, డొమైన్ కొన్న చోట డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో పేస్ట్ చేయడమే. ఒక్క జాగ్రత్త తీసుకోండి. డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. పాతది ఉంటే కొత్త సర్వీసు పేరు అందులోనే కలపండి. రెండోది పెట్టారంటే రెండూ పనిచేయవు.

అయ్యాక ఇంకో టెస్ట్ మెయిల్ పంపుకోండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్‌కి కుడివైపున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' ఎంచుకోండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటి పక్కనా 'పాస్' అని ఉందంటే మీ పని పూర్తయినట్టే.

ప్రశ్న: లక్ష మెయిల్ ఐడీలు అమ్ముతామని ఒకరు అంటున్నారు. అన్నీ వెరిఫై చేసినవేనట. కొనొచ్చా?

జవాబు: వద్దు. ఆ లక్ష మందిలో ఒక్కరు కూడా మిమ్మల్ని మెయిల్ పంపమని అడగలేదు. పైగా అలాంటి జాబితాల్లో, స్పామ్ పంపేవాళ్లను పట్టుకోవడానికే పెట్టిన ఉత్తుత్తి ఐడీలు కలిసి ఉంటాయి. వాటికి మెయిల్ వెళ్తే మీ డొమైన్‌కి చెడ్డపేరు రావొచ్చు. పేరున్న సర్వీసులేవీ కొన్న జాబితాలను ఒప్పుకోవు, అకౌంట్ మూసేస్తాయి. 1978లో గ్యారీ థుర్క్ అనే మార్కెటింగ్ ఉద్యోగి, ఇంటర్నెట్‌కి ముందున్న ఆర్పానెట్ అనే నెట్‌వర్క్‌లో దాదాపు 400 మందికి, వాళ్లు అడగకుండానే కంప్యూటర్ల ప్రకటన పంపారు. అదే తొలి స్పామ్ అంటారు. ఆ రోజుల్లోనే జనం దాని మీద గట్టిగా ఫిర్యాదు చేశారు.

ప్రశ్న: జాబితా ఉంది, సర్వీసూ ఉంది. రాయడానికి కూర్చుంటే ఏం రాయాలో తోచడం లేదు. వారానికి ఎన్ని పంపాలి?

జవాబు: నెలకు ఒకటి పంపండి చాలు. మీరు మాటిచ్చిన దానికంటే ఎక్కువ పంపకండి. రాయడానికి విషయం మీ కస్టమర్ల దగ్గరే ఉంటుంది. ఈ నెలలో వాళ్లు ఫోన్ చేసి ఏం అడిగారో గుర్తు చేసుకోండి. 'గొప్ప ఆఫర్!!! త్వరపడండి' అని వచ్చే మెయిల్స్ అందరి ఇన్‌బాక్స్‌లోనూ పదేసి ఉంటాయి. 'బ్యాగు పట్టీ వదులైతే ఇంట్లోనే బిగించుకోండి' అని సబ్జెక్ట్ పెడితే, ఆ బ్యాగు ఉన్నవాళ్లు తెరిచి చూస్తారు. నాలుగు వాక్యాల్లో ఎలా బిగించాలో చెప్పి, ఒక ఫొటో పెట్టి, చివర్లో కొత్త డిజైన్ల లింక్ ఇవ్వండి. ఒక మెయిల్‌లో ఒక్క లింక్ చాలు. మొత్తం సమాచారాన్ని పెద్ద పోస్టర్ బొమ్మగా చేసి పంపకండి. చాలామందికి బొమ్మలు కనిపించకుండా బ్లాక్ అయి ఉంటాయి, వాళ్లకు అక్కడ ఖాళీ పెట్టె తప్ప ఏమీ కనిపించదు.

అన్‌సబ్‌స్క్రైబ్ లింక్‌ని దాచకండి. ఒకసారి నేను ఒక సంస్థ మెయిల్స్ ఆపుదామని లింక్ నొక్కితే, లాగిన్ కమ్మంది. పాస్‌వర్డ్ గుర్తులేదు. కొత్తది పెట్టుకుందామంటే ఓటీపీ ఎంతకీ రాలేదు. విసిగిపోయి స్పామ్ బటన్ నొక్కాను. ఒక్క నొక్కుతో వెళ్లనిచ్చి ఉంటే వాళ్ల మీద ఆ ఫిర్యాదు పడేది కాదు.

ప్రశ్న: నా మెయిల్స్‌ని 70 శాతం మంది తెరిచారని సర్వీసు చూపిస్తోంది. కానీ ఆర్డర్లు లేవు. ఎందుకు?

జవాబు: ఆ అంకెను మరీ నమ్మకండి. మెయిల్‌లో కంటికి కనిపించని చిన్న బొమ్మ ఒకటి పెట్టి, అది లోడ్ అయితే మెయిల్ తెరిచినట్టు లెక్కేస్తారు. 2021లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 15తో యాపిల్ తన మెయిల్ యాప్‌లో ఒక ప్రైవసీ సదుపాయం తెచ్చింది. అది ఆన్‌లో ఉంటే, మనిషి మెయిల్ చూడకపోయినా బొమ్మలు ముందే లోడ్ అయిపోతాయి. అందుకే ఎంతమంది లింక్ నొక్కారు, ఎంతమంది తిరిగి రాశారు అన్నవి చూడండి. 'నో-రిప్లై' ఐడీతో పంపుతుంటే ఈరోజే మార్చండి. మీరు చదివే ఐడీ పెట్టి, వచ్చే మెయిల్ చివర ఒక్క ప్రశ్న అడగండి: "కొత్త డిజైన్లలో మీకు ఏది నచ్చలేదు?"