ఏ-లెవెల్స్‌లో చేరే ముందు

చిట్టీ,

ఇక్కడి ఇంగ్లండ్ టెన్త్ లాంటి జీసీఎస్ఈ పరీక్షలు అయిపోయాయి, సెప్టెంబరులో సిక్స్త్ ఫార్మ్, అంటే రెండేళ్ల ఏ-లెవెల్స్ చదువు మొదలు. నీకు ఏ సబ్జెక్టులు తీసుకోవాలో తేలడం లేదని మీ అమ్మ ఫోన్‌లో ఒకటే టెన్షన్. తను చదివిన ఇంటర్‌లో ఎంపీసీయో బైపీసీయో ఒక గ్రూపు చెబితే సరిపోయేది. ఏ-లెవెల్స్‌లో మూడు సబ్జెక్టులూ నువ్వే కూర్చుకోవాలి.

అందుకని ముందు యూనివర్సిటీల వెబ్‌సైట్లలో నీకు నచ్చిన కోర్సు పేజీ తెరిచి ఏమడుగుతున్నారో చూడు. మెడిసిన్‌కి చాలాచోట్ల కెమిస్ట్రీ ఉండాలి. ఇంజినీరింగ్‌కి మ్యాథ్స్, ఎక్కువచోట్ల ఫిజిక్స్ కూడా. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో మ్యాథ్స్ డిగ్రీ అంటే మ్యాథ్స్‌తో పాటు ఫర్దర్ మ్యాథ్స్ అనే విడి సబ్జెక్టు కూడా కావాలి. అలాంటి అవసరం లేకపోతే నాలుగో సబ్జెక్టు జోలికి పోకు. ఆఫర్లు మామూలుగా మూడింటి మీదే ఇస్తారు.

మన వాళ్లకి బుర్రకెక్కనిది ఇంకోటుంది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) పరీక్ష, ర్యాంకు, ఆ తర్వాత సీటు. ఇక్కడ పరీక్ష రాయకముందే, ఫలానా గ్రేడ్లు తెచ్చుకుంటే సీటిస్తామని ఆఫర్ వస్తుంది. యూనివర్సిటీలన్నిటికీ కలిపి అప్లై చేసే యూకాస్‌లో ఐదు కోర్సులకు అప్లై చేయొచ్చు, మెడిసిన్ అయితే నాలుగింటికే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్‌లకి గడువు అక్టోబరు మధ్యలోనే. అప్పటికి యూనివర్సిటీలు చూసేది ప్రెడిక్టెడ్ గ్రేడ్లు, అంటే నీకు ఏ గ్రేడ్లు వస్తాయో టీచర్లు వేసిన అంచనా. వాటికి ఇయర్ ట్వెల్వ్, అంటే మొదటి ఏడాది చివర్లో స్కూలు పెట్టే పరీక్షలే పెద్ద ఆధారం. మొదటి ఏడాది తీరిగ్గా చదువుదాంలే అనుకోకమ్మా, నష్టం అక్కడే జరుగుతుంది.

మా అబ్బాయి సంగతి చెబుతాను. ఆఫర్లలో ఒకటి ఫర్మ్‌గా, అంటే మొదటి ఎంపికగా, ఇంకోటి ఇన్సూరెన్స్‌గా, అంటే అది తప్పితే పనికొచ్చేదిగా పెట్టుకోవాలి. ఫర్మ్‌కి మూడు 'ఏ' గ్రేడ్లు అడిగారు. ఇన్సూరెన్స్‌గా పెట్టుకున్నదీ మూడు 'ఏ'లే అడిగింది. పేరు బాగుందని మేమూ సరే అన్నాం. ఆగస్టులో రిజల్ట్స్ రోజు పొద్దున వాడు మెట్ల మీద కూర్చుని ఫోన్ చూశాడు. రెండు 'ఏ'లు, ఒక 'బీ'. రెండు చోట్లా సీటు పోయింది. నేనిచ్చిన కాఫీ అలాగే చల్లారిపోయింది. ఆ మధ్యాహ్నమంతా క్లియరింగ్‌లో, అంటే మిగిలిన సీట్లు నింపే పద్ధతిలో, వరసగా ఫోన్లు చేసి ఇంకో యూనివర్సిటీలో చేరాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు కానీ వాడి ఆ మొహం నాకింకా గుర్తే. నువ్వు మాత్రం ఇన్సూరెన్స్ ఒక గ్రేడైనా తక్కువ అడిగేది పెట్టుకో.

  

ఆదివారం రా. నచ్చిన మూడు కోర్సుల పేర్లు కాగితం మీద రాసుకుని తెచ్చుకో, ఇద్దరం కూర్చుని ఒక్కో పేజీ చూద్దాం.

మీ పెద్దమ్మ