చీకటి సముద్రం మీదికి లేచేటప్పుడు

చిట్టితల్లీ,

నీకు కో-పైలట్ ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ కావలి నుంచి ఫోన్ చేసింది. సంతోషంతో గొంతు పూడుకుపోయింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలా. అందుకే రాత్రిపూట విమానం లేపేటప్పటి జాగ్రత్తలు రాస్తున్నా.

క్యూఎన్‌హెచ్, అంటే ఎత్తు చూపే మీటర్‌లో పెట్టే గాలి ఒత్తిడి అంకె, నువ్వూ కెప్టెనూ ఇద్దరూ సరిచూసుకోండి. ఒక్క హెక్టోపాస్కల్ తప్పితే ఎత్తు దాదాపు 27 అడుగులు తప్పుతుంది. ఎక్కాల్సిన ఎత్తు సెలెక్టర్‌లో పెట్టారో లేదో రన్‌వే ఎక్కకముందే చూడు.

కొండలున్న ఊరి నుంచి లేస్తున్నప్పుడు ఇది గుర్తుపెట్టుకో. మామూలు ఎస్‌ఐడీ దారికి, అంటే విమానాశ్రయం వదిలి వెళ్లడానికి ముందే గీసి పెట్టిన దారికి, 3.3 శాతం వాలున ఎక్కాలి, అంటే నాటికల్ మైలుకి 200 అడుగులు. అది రెండు ఇంజన్లూ బాగున్నప్పటి లెక్క. ఒకటి ఆగిపోతే, చక్రాలు ముడిచాక రెండింజన్ల విమానం ఎక్కి తీరాలని నిబంధన అడిగేది 2.4 శాతమే. కాబట్టి ఇంజన్ పోతే ఏ దారి పట్టాలి, యాడ తిరగాలి అనేది టేకాఫ్‌కి ముందే పైకి చెప్పుకోండి.

నా దిగులంతా సముద్రం గురించే. అమావాస్య రాత్రి మైపాడు ఒడ్డున నిలబడి చూడు, నీళ్లేవో ఆకాశమేదో తెలియదు. 1978 జనవరి 1 రాత్రి బొంబాయిలో ఎయిర్ ఇండియా 747 ‘ఎంపరర్ అశోక’ అట్టాంటి చీకట్లోకే లేచింది. కొంచెం కుడికి తిరిగి, మళ్లీ సమంగా వచ్చింది. కెప్టెన్ ముందున్న ఏడీఐ, అంటే విమానం ఎటు ఒరిగిందో చూపే పరికరం, మాత్రం ఇంకా కుడికే ఒరిగినట్టు చూపించింది. ఆయన దాన్ని నమ్మి ఎడమకి తిప్పాడు, ఇంకా తిప్పాడు. దాన్ని నమ్మొద్దని ఫ్లైట్ ఇంజనీర్ చెప్పేసరికే ఆలస్యమైపోయింది. నేల వదిలిన రెండు నిమిషాల్లోపే 213 మందీ పోయారు. పరికరం ఒక్కటే చెడింది తల్లీ, విమానం బాగానే ఉంది.

ఇప్పుడు కాక్‌పిట్‌లో ఫ్లైట్ ఇంజనీర్ లేడు. ఆ మాట అనాల్సింది నువ్వే. కెప్టెన్ ఏడీఐ, నీది, మధ్యలో అదనంగా ఉండే స్టాండ్‌బై, మూడూ చూడు. రెండు ఒకటిగా ఉండి మూడోది వేరే చూపిస్తే గట్టిగా చెప్పు. పెద్దాయన, ఏమనుకుంటాడో అని నోరు నొక్కుకున్నావంటే నేను క్షమించను. చెప్పినా సరిచెయ్యకపోతే కంట్రోల్స్ నువ్వే తీసుకో.

ఒళ్లు చెప్పేదీ నమ్మొద్దు. వేగం పుంజుకునేటప్పుడు ముక్కు మరీ పైకి లేచినట్టు అనిపించి, చెయ్యి దాన్ని కిందికి నెడుతుంది. అట్టా ఎత్తు తగ్గితే, నేల దగ్గరైతే హెచ్చరించే యంత్రం నుంచి ‘డోంట్ సింక్’ (కిందికి దిగొద్దు) అని వినపడుతుంది. వెంటనే ముక్కు లేపి మళ్లీ ఎక్కించండి.

ఆ యంత్రమే ‘పుల్ అప్’ (పైకి లేపు) అని అరిచిందా, రాత్రయినా మబ్బయినా కారణం వెతకొద్దు. ఆటోపైలట్ తియ్యి, పవర్ పూర్తిగా పెట్టు, రెక్కలు సమం చెయ్యి. బోయింగ్ అయితే ముక్కు 20 డిగ్రీలకి, ఎయిర్‌బస్ అయితే స్టిక్ పూర్తిగా వెనక్కి. రెక్కల మీద లేచి వేగం తగ్గించే స్పీడ్‌బ్రేకులు మూసున్నాయో లేదో చూడు. నేలని తాకే ప్రమాదం తప్పిందని తేలేదాకా రెక్కల ఫ్లాప్‌లు, చక్రాలు కదిలించొద్దు.

అన్నం వేళకి తింటా ఉండు. మొదటి రాత్రి డ్యూటీ ఏ ఊరి నుంచో, ఏ రన్‌వేనో రాయి. ఆ చార్టు నేనూ ఒకసారి చూస్తా.

మీ మామయ్య