సిబ్బందికి ప్రోత్సాహకాలు ఇస్తే ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యం మెరుగుపడుతుందా?

డబ్బిస్తే గోడలకు రంగులు పడతాయి, అంతవరకు నేను హామీ ఇస్తాను. జిల్లా ఆసుపత్రి కాన్పుల గదిలో ఏళ్ల తరబడి స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను.

మా దగ్గరికి బదిలీపై ఒక గైనకాలజిస్టు మేడమ్ వచ్చారు. ఒకరోజు డ్యూటీ మారే వేళకు అందరినీ కూర్చోబెట్టి ఒక కేస్ షీటు తీశారు. నొప్పులు ఎలా సాగుతున్నాయో గుర్తించే పార్టోగ్రాఫ్ అందులో చూడముచ్చటగా ఉంది. అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు, చుక్కలన్నీ ఒకే పెన్నుతో, ముగ్గు పెట్టినట్టు. "బిడ్డ ఎన్నింటికి పుట్టింది?" అని అడిగారు. రిజిస్టరు చూస్తే తెల్లవారుజామున 3.10. "మరి నాలుగింటికి కడుపులో బిడ్డ గుండె 140 సార్లు కొట్టుకుందని రాశారే!" ఎవరూ కిక్కురుమనలేదు. రాసింది ఎవరని ఆవిడ అడగలేదు. చేతిరాత అందరికీ తెలిసిందే.

కాన్పయ్యాక తీరిగ్గా పార్టోగ్రాఫ్ నింపడం చాలాచోట్ల ఉన్నదే. నొప్పులు పడుతున్న నలుగురిని ఒక్క నర్సు చూస్తుంటే చుక్కలు ఎప్పుడు పెడుతుంది? ఆ మాటా మేడమే అన్నారు, సూపరింటెండెంటుతో పోట్లాడి రాత్రి డ్యూటీకి ఇంకొకరిని వేయించారు. ఆ తర్వాత ప్రతి వారం కొన్ని షీట్లు తీసి మా ముందే చదివేవారు. కొన్నాళ్లకు, గ్రాఫు హెచ్చరిక గీత దాటగానే డాక్టరుకు ఫోను వెళ్లడం మొదలైంది. ఇందుకు ఎవరికీ పైసా అందలేదు.

ఇక డబ్బు సంగతి. శుభ్రంగా ఉన్న ప్రభుత్వాసుపత్రులకు కేంద్రం ఇచ్చే బహుమతి పథకం కాయకల్ప, 2015లో మొదలైంది. అందులో బహుమతి వస్తే 75 శాతం ఆసుపత్రి అవసరాలకు, 25 శాతం సిబ్బందికి. ఆ 25 శాతం దగ్గర మా ఆసుపత్రిలో జరిగిన పంచాయతీ ఇంతా అంతా కాదు. కాంట్రాక్టు పారిశుధ్య కార్మికులకు వాటా ఉందా లేదా అన్నది అసలు గొడవ. మరుగుదొడ్లు కడిగింది వాళ్లు, ఫొటోలు దిగింది మేము. తనిఖీ బృందం వస్తుందంటే కొత్త దుప్పట్లు పరిచేవాళ్లం, వాళ్ల కారు గేటు దాటగానే అవి మళ్లీ బీరువాలోకి.

రోగుల అభిప్రాయం కోసం కేంద్రం 'మేరా అస్పతాల్' పెట్టింది. మంచిదే. కానీ అభిప్రాయం అడిగేది ఫోనులో, ఓపీ చీటీ మీద రాయించే ఆ నంబరేమో చాలాసార్లు భర్తది. కాన్పుల గది గడప తొక్కని మనిషి ఏమని చెబుతాడు? గేటు దగ్గర సెక్యూరిటీ వాడు కసురుకున్నాడని చెబుతాడు. (అదీ నిజమే అనుకోండి.)

డబ్బు పనిచేయదని నేననను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం కాన్పులు సిజేరియన్లే. ముహూర్తాలు అడిగే కుటుంబాలూ ఉన్నాయి, కాదనను, అయినా బిల్లు పాత్ర లేదంటే నేను నమ్మను. దానికి విరుగుడుగా సాధారణ కాన్పులకు సిబ్బందికి డబ్బిస్తామని ప్రభుత్వం అన్నప్పుడు నాకు ఇంకో భయం పట్టుకుంది. బిడ్డ అలిసిపోతున్నప్పుడు, థియేటరుకు పంపాల్సిన తల్లిని "ఇంకొక్క గంట చూద్దాం" అని ఆపేవాళ్లు తయారైతే? ఆ గంట ఏ లెక్కలోకీ రాదు.

ప్రభుత్వం ఖర్చు పెట్టదలిస్తే రాత్రి డ్యూటీకి ఇంకో నర్సును పెట్టమనండి. బీరువాలో ఉన్న ఆ దుప్పట్లు కూడా రోజూ పరచమనండి.