గేమ్ డెవలపర్ కావాలంటే ఏ కోర్సు? నేనైతే మామూలు సీఎస్ఈ తీసుకోమంటాను

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. నరసన్నపేటలో ఇంటర్ ఎంపీసీ సెకండియర్ చదువుతున్నావు. గేమ్ డెవలపర్ అవ్వాలని ఉంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఫోన్ చేసి, బీటెక్‌లో గేమింగ్ స్పెషలైజేషన్ ఉంది, ముందే డబ్బు కట్టి సీటు బ్లాక్ చేసుకోమంటున్నారు. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడేళ్ల గేమ్ డిజైన్ కోర్సు అంటున్నారు. మీ నాన్నగారేమో ఈఏపీసెట్ రాసి దగ్గర్లో సీఎస్ఈలో చేరమంటున్నారు. ఎవరి మాట వినాలి అని అడిగావు.

మీ నాన్నగారి మాట విను. ఆయన కారణం వేరే అయ్యుండొచ్చు, నేను చెప్పే కారణం వేరు, కానీ దారి మాత్రం అదే. ఒక్క షరతు: నీకు కోడ్ రాయడం ఇష్టమైతేనే. బొమ్మలు గీయడమే నీ ప్రాణం అయితే నా సమాధానం మారిపోతుంది, అది కింద చెప్తాను.

నాదీ మీ జిల్లాయే, పలాస దగ్గర ఊరు. 2016లో నా ఇంటర్ అయినప్పుడు మా ఇంట్లో సరిగ్గా ఇదే గొడవ. నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవారు. గేముల కోర్సు అనగానే "ఏటిరా, ఆడుకోడానికి కూడా కాలేజీ ఉంటాదా?" అన్నారు. రెండ్రోజులు నేను ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. చివరికి విజయనగరంలో కన్వీనర్ కోటాలో సీఎస్ఈ సీటు వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వచ్చింది, చేరిపోయాను. అదే ఏడాది మా పెద్దమ్మ కొడుకు వేరే ఊళ్లో గేమింగ్ కోర్సులో చేరాడు. వాళ్లు ఎకరం పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టారు.

వాడికి మూడేళ్లలో ఆరేడు సాఫ్ట్‌వేర్లు నేర్పారు. ఏ బటన్ ఎక్కడుందో వాడికి నాకంటే బాగా తెలుసు. కానీ మొదటి నుంచి చివరి దాకా పూర్తయిన గేమ్ ఒక్కటంటే ఒక్కటి వాళ్ల చేత చేయించలేదు. ఇంటర్వ్యూలో "నువ్వు చేసిన గేమ్ చూపించు" అంటే చూపించడానికి విడివిడి త్రీడీ బొమ్మలు తప్ప ఏమీ లేవు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లకి త్రీడీ నమూనాలు తయారుచేసే ఆఫీసులో చేస్తున్నాడు. వాడి చేతిలో నిజమైన పనితనం ఉంది. ఆ మూడేళ్లు, ఆ డబ్బు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

సీఎస్ఈ వల్ల ఏం ఒరుగుతుంది అంటావా? నా మొదటి గేమ్ సంగతి చెప్తాను. సెకండియర్ సెలవుల్లో రూమ్మేట్ లాప్‌టాప్‌లో యూనిటీ అనే గేమ్ ఇంజిన్, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్, దించుకుని గోళీలాట మొదలుపెట్టాను. మా వీధిలో ఆడిన ఆటే: నేల మీద చిన్న గుంట, చుట్టూ గోడ, వేలితో లాగి వదిలితే గోళీ దూసుకుపోవాలి. మెల్లగా కొడితే అన్నీ బాగానే ఉన్నాయి. గట్టిగా కొడితే మాత్రం గోళీ గోడలోంచి దూరి అవతలికి వెళ్లిపోయేది. గోడకి కొలైడర్ (తాకిడిని గుర్తించే హద్దు) ఉంది, గోళీకి ఉంది, కోడ్‌లో నాకు తప్పేమీ కనపడలేదు. నాలుగు రోజులు అదే చూస్తూ కూర్చున్నాను. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన ఒక సెట్టింగ్ మారిస్తే ఆగింది. ఆగింది గానీ ఎందుకు ఆగిందో తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే కాగితం తీసి లెక్క వేశాను. యూనిటీలో ఫిజిక్స్ లెక్కలు ఎడతెగకుండా జరుగుతూ ఉండవు. సెట్టింగ్ ఏమీ మార్చకపోతే 0.02 సెకన్లకి ఒకసారి, అంటే సెకనుకి 50 సార్లు జరుగుతాయి. నా గోళీ వేగం సెకనుకి 10 మీటర్లు. అంటే ఒక లెక్కకీ తరవాతి లెక్కకీ మధ్య అది 20 సెంటీమీటర్లు జరిగిపోతోంది. గోడ మందం 10 సెంటీమీటర్లే. ఒక లెక్కలో గోళీ గోడకి ఇవతల ఉంది, తరవాతి లెక్కలో అవతల ఉంది. గోడని తాకిన క్షణమే కంప్యూటర్‌కి కనపడలేదు. నేను మార్చిన కంటిన్యువస్ కొలిజన్ డిటెక్షన్ అనే సెట్టింగ్ ఆ రెండు చోట్ల మధ్య దారిని కూడా చూస్తుంది, అందుకే గోళీ ఆగింది. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం, స్కూల్లో చదివిన ముక్కే. బటన్ ఎక్కడుందో తెలియడానికీ, ఆ బటన్ ఎందుకుందో తెలియడానికీ తేడా నాకు ఆ కాగితం మీద కనపడింది. ఇంజిన్లు మారిపోతుంటాయి. నేను యూనిటీతో మొదలుపెట్టాను, రేపు నీకు అన్‌రియల్ ఇంజిన్ మీద పని పడొచ్చు. అక్కడ యూనిటీలో వాడే సీ షార్ప్ భాష బదులు సీ ప్లస్ ప్లస్ ఉంటుంది, కానీ గోళీ గోడలోంచి దూరిపోయే కారణం అక్కడా ఇదే.

ఇంకొకటి. అదే గోళీలాట నాన్న ఫోన్లో వేశాను, 2 జీబీ ర్యామ్ ఫోన్. ప్రతి నాలుగైదు సెకన్లకీ తట్టుకుని ఆగుతోంది. సెకనుకి 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, కావాలంటే ఒక్కో ఫ్రేముకి మనకి దొరికేది 16 మిల్లీసెకన్ల చిల్లర. నేనేమో గోళీ దొర్లినప్పుడల్లా దుమ్ము రేణువుల్ని కొత్తగా పుట్టించి, వెంటనే చెరిపేస్తున్నాను. ఆ చెత్త పోగుపడి, దాన్ని ఊడ్చడానికి గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని ఖాళీ చేసే ఏర్పాటు) దిగినప్పుడల్లా గేమ్ ఆగిపోతోంది. ఆ సెమిస్టర్‌లోనే ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో మెమరీ గురించి చెప్తున్నారు. క్లాసులో కూర్చుని ఉండగా విషయం తట్టింది. ముందే 30 రేణువులు చేసి దాచిపెట్టుకుని, వాటినే మళ్లీ మళ్లీ వాడితే సరిపోయింది. ఆ సబ్జెక్టు నాకు అంతకుముందు ఎంత విసుగో చెప్పలేను. నువ్వు చేరాక డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, ఈ రెండింటినీ పరీక్ష కోసం చదవకు. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఎలక్టివ్‌గా దొరికితే వదలకు, మార్కులు ఎవరు ఎక్కువేస్తారో చూసి వేరేది తీసుకోకు.

నువ్వు ఇప్పుడు చదువుతున్న మ్యాథ్స్ కూడా పక్కకి పోయేది కాదు. నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న: కాపలావాడు ఒక దిక్కుకి చూస్తున్నాడు, ఆటగాడు వాడి కంట పడ్డాడా లేదా ఎలా తెలుస్తుంది? కాపలావాడు చూసే దిక్కు ఒక వెక్టర్, వాడి నుంచి ఆటగాడి వైపు గీత ఇంకో వెక్టర్. రెండింటినీ యూనిట్ వెక్టర్లు చేసి డాట్ ప్రొడక్ట్ తీస్తే, మైనస్ వస్తే వెనకున్నాడు, ప్లస్ వస్తే ముందున్నాడు. వాడి చూపు 60 డిగ్రీల మేర అనుకుంటే, ఆ విలువ కాస్ 30 కంటే, అంటే 0.866 కంటే ఎక్కువ ఉన్నప్పుడే కనపడ్డట్టు. ఇంటర్ వెక్టర్స్ చాప్టర్ ఇది. ఎన్ని బిట్లు చేసుంటావో నువ్వు.

బ్రాంచి పేరు గురించి ఎక్కువ టెన్షన్ పడకు. సీఎస్ఈ పక్కన ఏఐ అనో, డేటా సైన్స్ అనో ఉన్నా మొదటి రెండేళ్లు చాలావరకు అవే సబ్జెక్టులు.

ఇక బొమ్మల సంగతి. కూర్చుని కోడ్ రాయడం కంటే పాత్రలు, కొండలు, ఇళ్లు గీయడమే నీకు హాయిగా ఉంటే సీఎస్ఈలో చేరి నాలుగేళ్లు నలిగిపోకు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఉంది. ఐఐటీల్లో బీడిజైన్‌కి యూసీడ్ పరీక్ష ఉంది. ఎన్ఐడీ అనే జాతీయ డిజైన్ సంస్థ పరీక్ష వేరే. వాటన్నిటికీ మార్కులతో పాటు చేతిపని కావాలి, కాబట్టి ఈ రోజు నుంచే స్కెచ్ బుక్ పెట్టుకో, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అది నేర్చుకో. గేమ్ స్టూడియోలో ఆర్టిస్టుకి డిగ్రీ ఏదని ఎవరూ గుచ్చి అడగరు, పోర్ట్‌ఫోలియో, అంటే నువ్వు చేసిన బొమ్మల సేకరణ, చూస్తారు.

ఆ గేమింగ్ స్పెషలైజేషన్ అంతా మోసమే అని నేను అనను. బాగా నడిపేవాళ్లు ఉండొచ్చు. అందుకే ఫోన్ చేసిన కౌన్సిలర్‌ని మూడు విషయాలు అడుగు. ఆ సబ్జెక్టులు చెప్పేవాళ్లలో ఎవరైనా నిజంగా ఒక గేమ్ విడుదల చేశారా? ఫైనలియర్ పిల్లలు చేసిన గేములు ఏవి, నా ఫోన్లోకి దించుకుని ఆడొచ్చా? చేతికి వచ్చేది యూజీసీ గుర్తించిన డిగ్రీయా, లేక వాళ్లు సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్టా? రెండో ప్రశ్నకి లింకులు పంపకుండా క్యాంపస్ వీడియో పంపితే నీకు జవాబు దొరికినట్టే. మేనేజ్‌మెంట్ కోటా సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదన్న సంగతి కూడా మర్చిపోకు. సీటు బ్లాక్ చేయడానికి కట్టమంటున్న ఆ డబ్బుతో మంచి లాప్‌టాప్ వస్తుందేమో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి.

లాప్‌టాప్ అంటే గుర్తొచ్చింది. థర్డియర్‌లో దసరా సెలవులకి ఇంటికొచ్చాను. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. మా వంటింటి మీద రేకులు లేచిపోయాయి, బ్యాగుతో సహా లాప్‌టాప్ తడిసి ముద్దయింది. అప్పటికి మూడు నెలలుగా చేస్తున్న రెండో గేమ్ మొత్తం అందులోనే ఉంది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకూలి ఊరంతా గుండెలు బాదుకుంటుంటే నా లాప్‌టాప్ గురించి ఏడవడానికి నాకు నోరు రాలేదు. కరెంటు వచ్చి, కాలేజీకి తిరిగి వెళ్లాక నేను నేర్చుకున్న మొదటి సంగతి గిట్, అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే సాఫ్ట్‌వేర్. ఏ రోజు రాసింది ఆ రోజే ఆన్‌లైన్‌లో దాచేస్తాను. నువ్వు మొదటి రోజు నుంచే అలవాటు చేసుకో. ఉద్యోగంలో చేరాక పదిమంది ఒకే గేమ్ మీద పనిచేసేది కూడా ఇలాంటి పద్ధతిలోనే.

ఉద్యోగాల గురించి నీ దగ్గర దాచను. మన శ్రీకాకుళంలో, విజయనగరంలో గేమ్ స్టూడియోల ఉద్యోగాల మీద ఆశ పెట్టుకోకు. హైదరాబాద్, బెంగళూరు, పుణే వెళ్లాలి. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ లాంటి పెద్ద సంస్థ ఆఫీసు ఉంది, ఓగర్ హెడ్ లాంటి చిన్న స్టూడియో 2017లో 'అసుర' అనే సొంత గేమ్ విడుదల చేసింది. కానీ మామూలు సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఉద్యోగాలు బాగా తక్కువ. నేను 2020లో పాసయ్యాక ఎనిమిది నెలలు గేమ్ ఉద్యోగం దొరకలేదు. పెద్ద కంపెనీలు కూడా ఉన్నట్టుండి మనుషుల్ని తీసేస్తాయి. మైక్రోసాఫ్ట్ 2024 జనవరిలో ఒక్క గేమింగ్ విభాగంలోనే 1,900 మందిని తీసేసింది. సీఎస్ఈ చదివుంటే అలాంటి రోజు వేరే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెతుక్కోవచ్చు. నేను ఆ ఎనిమిది నెలల్లో ఒక చిన్న కంపెనీకి వెబ్‌సైట్ పనులు చేసి ఇంటికి డబ్బు పంపాను. గేమ్ డిగ్రీ మాత్రమే ఉంటే అది నాకు కుదిరేది కాదు.

మీ నాన్నగారికి గేములంటే పేకాట యాప్‌లే అన్న భయం కూడా ఉందని రాశావు. ఆ భయంలో తప్పేం లేదు, మన వైపు ఎన్ని ఇళ్లు గుల్లయ్యాయో ఆయన చూసే ఉంటారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నీ, డబ్బు పందెం లేని గేముల్నీ ప్రోత్సహిస్తామంటోంది. ఆ తేడా ఆయన పక్కన కూర్చుని నిదానంగా చెప్పు. మాటలతో నమ్మకపోతే నువ్వు చేసిన గేమ్ ఆయన చేతిలో పెట్టు. మా నాన్న మెత్తబడింది గోళీలాట ఆడాకే. అరగంట ఆడి, "గోళీ మరీ జారిపోతంది, మన వీధి మట్టి ఇలా ఉండదు" అన్నారు. నిజమే. ఫ్రిక్షన్ పెంచాను.

ఇప్పుడు మాత్రం ఈఏపీసెట్ అయ్యేవరకు ఏ ఇంజిన్ జోలికీ వెళ్లకు. దగ్గర్లో కన్వీనర్ సీటు రావడమే నీ మొదటి పని. పరీక్ష అయిన మర్నాడు గోడో (Godot) అనే ఇంజిన్ దించుకో. ఉచితం, పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. మూడు వారాల్లో ఒక చిన్న గేమ్ పూర్తిచెయ్: ఒకే స్క్రీన్, ఒకే పని, గెలుపు, ఓటమి, మళ్లీ ఆడే బటన్, అంతే. చిన్న గేములు పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ (itch.io) వెబ్‌సైట్‌లో పైసా కట్టకుండా పెట్టొచ్చు. మీ వీధిలో ఎవరైనా చిన్న పిల్లాడికి ఇచ్చి, ఎలా ఆడాలో చెప్పకుండా పక్కన కూర్చుని చూడు. ఎక్కడ తికమకపడ్డాడో కాగితం మీద రాసుకో. ఆ కాగితం ఫొటో, గేమ్ లింకు ఇక్కడే పెట్టు. నేను ఆడతాను, మా నాన్న చేత కూడా ఆడిస్తాను.