పదకొండో తరగతిలోనే కాలేజీకి పంపాలా?

సియాటిల్ పక్కనున్న బెల్‌వ్యూ, రెడ్‌మండ్, బాతెల్, సమామిష్ వైపు కొత్తగా దిగిన మనవాళ్ళింట్లో తొమ్మిదో పదో చదివే పిల్లలుంటే, ఆర్నెల్లు తిరక్కుండానే ఎవరో ఒకరు చెబుతారు: "రన్నింగ్ స్టార్ట్‌లో వేసేయండి, రెండేళ్ళ కాలేజీ ఫీజు మిగులుతుంది." మాట నిజమే. కానీ అది విని చేర్చేసే ముందు తెలుసుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

ముందు పథకం ఏమిటో చూద్దాం. వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ 1990లో చేసిన చట్టంతో ఇది మొదలైంది. 11, 12 తరగతుల పిల్లలు కమ్యూనిటీ కాలేజీలకీ టెక్నికల్ కాలేజీలకీ కొన్ని రాష్ట్ర యూనివర్సిటీలకీ వెళ్ళి, అక్కడి విద్యార్థులతో కలిసి కూర్చుని అసలు కాలేజీ క్లాసులే చదువుతారు. బాతెల్‌లో కాస్కేడియా కాలేజీ, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ బాతెల్ ఒకే క్యాంపస్‌లో ఉంటాయి. పదహారేళ్ళ పిల్ల అక్కడ ఉద్యోగం మానేసి మళ్ళీ చదువుకుంటున్న నలభై ఏళ్ళావిడ పక్కన కూర్చోవచ్చు. ఈ కాలేజీల్లో పది పదకొండు వారాల టర్మ్‌ని క్వార్టర్ అంటారు, క్లాసుల బరువుని క్రెడిట్లలో లెక్కేస్తారు. క్వార్టర్‌కి 15 క్రెడిట్ల దాకా ట్యూషన్ ఫీజు కట్టక్కర్లేదు. పుస్తకాలు, చిన్నా చితకా ఫీజులు, రాకపోకల ఖర్చు మాత్రం మనవే. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి ఫీజుల్లో మినహాయింపు ఉంది. హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే హెచ్4 వీసా మీద వచ్చిన పిల్లలు చదువుకోవడానికి విడిగా అనుమతి అక్కర్లేదు కాబట్టి ఆ భయం పెట్టుకోకండి.

ఐదు క్రెడిట్ల కాలేజీ క్లాసు ఒకటి హైస్కూల్లో ఒక పూర్తి క్రెడిట్‌కి సమానం. హైస్కూల్ పూర్తి కావడానికి కావాల్సినవి 24. అంటే స్కూల్లో ఏడాది పాటు నడిచే సబ్జెక్టు ఇక్కడ పది పదకొండు వారాల్లో అయిపోతుంది. ఈ లెక్క చూసి చాలామంది సంబరపడతారు. నాకైతే ఇక్కడే జాగ్రత్తపడాలనిపిస్తుంది. నాలుగో వారానికల్లా మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది. మొదటి రెండు వారాలు కొత్త చోటు, కొత్త మనుషులు అంటూ గడిపేస్తే తేరుకునే టైమ్ ఉండదు. తీసుకున్న క్లాసుని మధ్యలో వదులుకోవడానికి గడువులుంటాయి. మొదటి గడువులోపు వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే మార్కుల రికార్డులో, ఏమీ కనపడదు, తర్వాత వదిలేస్తే డబ్ల్యూ (విత్‌డ్రా) అని పడుతుంది, అదీ దాటితే వచ్చిన గ్రేడే ఖాయం. క్వార్టర్ మొదలైన రోజే కాలేజీ క్యాలెండర్ తెరిచి ఈ తేదీలు పిల్లలతో కలిసి రాసి పెట్టుకోండి.

ఆ గ్రేడు రెండు చోట్లకి వెళ్తుంది, హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్‌లోకీ కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లోకీ. కాలేజీది జీవితాంతం ఉంటుంది. మన ఇళ్ళలో డాక్టర్ చదువు మీద ఆశ ఎక్కువ కదా, వాళ్ళు ఇది తప్పక వినాలి. మెడికల్ స్కూళ్ళకి ఆమ్‌కాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ ద్వారా అప్లై చేసేటప్పుడు హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ క్లాసులు కూడా చూపించాలి, జీపీఏ లెక్కలో అవీ కలుస్తాయి. పదహారేళ్ళప్పుడు కెమిస్ట్రీలో వచ్చిన సి, ఇరవై రెండేళ్ళప్పుడు కూడా వెంట ఉంటుంది.

దీన్ని మన ఇంటర్మీడియట్‌లా అనుకోవద్దు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటర్ చదివే పిల్లాడు ఒక పూట రాకపోతే కాలేజీ నుంచి ఇంటికి మెసేజ్ వస్తుంది, మార్కులు తగ్గితే నాన్నని పిలుస్తారు. ఇక్కడ ఎవరూ పిలవరు. ఫెర్పా అనే చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి వయసు ఎంతైనా, ఆ కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. తల్లిదండ్రులు ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాస్తే "విద్యార్థినే మాట్లాడమనండి" అని మర్యాదగా జవాబు వస్తుంది. అందుకని చేర్చే ముందు పిల్లల్లో చూడాల్సింది మార్కులు కాదు. అర్థం కానప్పుడు ప్రొఫెసర్ విద్యార్థుల కోసం కేటాయించే ఆఫీస్ అవర్స్‌కి ఒక్కరే వెళ్ళి "ఇది నాకు తెలియలేదు" అని అడగగలరా అన్నది చూడండి. స్కూల్ టీచర్‌కి ఈమెయిల్ కూడా అమ్మే రాసిపెడుతుంటే, ఇంకో ఏడాది ఆగండి.

కిందటేడాదే ఇండియా నుంచి వచ్చిన పిల్లలకి ఇంగ్లిష్ సంగతి వేరే చూసుకోవాలి. చాలా కాలేజీల్లో ఇంగ్లిష్ 101లో, అంటే కాలేజీ స్థాయి మొదటి ఇంగ్లిష్ క్లాసులో, కూర్చోగల స్థాయి ఉందో లేదో ముందు ప్లేస్‌మెంట్ పరీక్ష లాంటివాటితో చూస్తారు. 100 కంటే తక్కువ నంబరున్న క్లాసులు పథకం కిందకి రావు, వాటికి డబ్బు మనమే కట్టుకోవాలి. 101లో వారం వారం వ్యాసాలు రాయాలి, చదివినదాని మీద సొంత వాదన చెప్పాలి. లెక్కల్లో ముందున్న పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు.

ఇక అందరూ అడిగే ప్రశ్న: ఈ క్రెడిట్లు పనికొస్తాయా? వాషింగ్టన్ ప్రభుత్వ యూనివర్సిటీలకైతే బాగా పనికొస్తాయి. క్లాసు నంబరు ముందు & గుర్తు ఉంటే, అంటే MATH& 151 లాంటివి, రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నిట్లో అదే క్లాసు. రెండేళ్ళలో 90 క్రెడిట్లతో అసోసియేట్ అనే రెండేళ్ళ డిగ్రీ చేతికొచ్చినా, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి ఫస్ట్ ఇయర్ విద్యార్థిగానే అప్లై చేస్తారు. క్రెడిట్లు ఎక్కువున్నంత మాత్రాన కంప్యూటర్ సైన్స్ సీటు ఖాయం కాదు. రాష్ట్రం బయట పేరున్న ప్రైవేట్ యూనివర్సిటీల సంగతి పూర్తిగా వేరు. హైస్కూల్ పూర్తి చేయడానికి వాడుకున్న క్రెడిట్లని చాలాచోట్ల ఒప్పుకోరు. కాబట్టి పిల్లలు ఎటు వెళ్ళాలనుకుంటున్నారో ముందు మాట్లాడుకుని, ఆ యూనివర్సిటీ నియమం చదివాకే ఎన్ని క్లాసులో తేల్చుకోండి.

నన్నడిగితే, మొదటి క్వార్టర్‌లో ఒకటి, మహా అయితే రెండు క్లాసులు చాలు. మిగతావి స్కూల్లోనే. పూర్తిగా కాలేజీకి మారిపోయిన పిల్లలకి సీనియర్ ఇయర్‌లో, అంటే పన్నెండులో, యూనివర్సిటీ అప్లికేషన్లకి రికమెండేషన్ లెటర్ రాసే టీచర్ దొరకడం కష్టమవుతుంది. పది వారాలు చూసిన ప్రొఫెసర్ ఏం రాస్తారు? రెండేళ్ళు కళ్ళ ముందు ఎదిగిన పిల్లల గురించి స్కూల్ టీచర్ రాసేది వేరు. ఆర్కెస్ట్రా, రోబోటిక్స్, స్నేహితులతో మధ్యాహ్నం భోజనం, ఇవి కూడా చదువంత విలువైనవే. పక్కింటివాళ్ళమ్మాయి 15 క్రెడిట్లు తీసుకుందని మీ పిల్లల మీద మోపకండి.

పని మొదలుపెట్టేది స్కూల్ కౌన్సెలర్ దగ్గర. పదో తరగతి చలికాలంలోనే కలవండి. ప్రతి క్వార్టర్‌కీ కౌన్సెలర్, విద్యార్థి సంతకాలతో ఒక ఎన్‌రోల్‌మెంట్ ఫారం కాలేజీకి వెళ్ళాలి. అది ఆలస్యమైతే ఫీజు బిల్లు ఇంటికొస్తుంది. ఇండియా టిక్కెట్లు కూడా రెండు క్యాలెండర్లూ చూసే కొనండి. స్ప్రింగ్ బ్రేక్ స్కూల్‌కీ కాలేజీకీ కలవకపోవచ్చు. వింటర్ క్వార్టర్ జనవరి మొదట్లోనే మొదలవుతుంది. సంక్రాంతి చూసుకుని వద్దామని ఉండిపోతే మొదటి వారం క్లాసులు పోతాయి, రాని విద్యార్థి పేరు తీసేసి సీటు వేరేవాళ్ళకిచ్చే ప్రొఫెసర్లూ ఉన్నారు.