స్కాన్ చేసిన పుస్తకం ఇస్తే గ్రంథాలయం బాధ్యత తీరిపోతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర పల్లెటూరు. మా తమ్ముడికి పుట్టుకతోనే చూపు లేదు. హాస్టల్లో ఉంటూ ఒక ప్రభుత్వ విద్యాసంస్థలో ఎం.ఏ. చదువుతున్నాడు. అక్కడి గ్రంథాలయంలో పుస్తకాలను కంప్యూటర్‌లో పెట్టారు గాని, అవన్నీ స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయిన స్క్రీన్ రీడర్‌తో ఏ పేజీ తెరిచినా ‘బ్లాంక్’ అనే వినిపిస్తోంది. చదువుకోగలిగే రూపంలోకి మార్చి ఇమ్మంటే, అలా చేస్తే ప్రచురణకర్తలు కాపీరైట్ కేసు పెడతారని గ్రంథాలయాధికారి అంటున్నారు. ఇది నిజమేనా? మేము ఏం చేయాలి?

జవాబు: గ్రంథాలయాధికారి భయానికి చట్టంలో ఆధారం లేదు. కాపీరైట్ చట్టం, 1957కు 2012లో చేసిన సవరణతో చేరిన సెక్షన్ 52(1)(జెడ్‌బి) ప్రకారం, మామూలు రూపంలో ఉన్న పుస్తకాన్ని చదవలేని దివ్యాంగుల కోసం దానిని వారికి అనువైన రూపంలోకి మార్చడం, ప్రతులు తీయడం, వారికి అందజేయడం కాపీరైట్ ఉల్లంఘన కిందకు రావు. ఈ పని చేయదగిన సంస్థలలో ప్రభుత్వ గుర్తింపు గల విద్యాసంస్థలు, గ్రంథాలయాలు కూడా ఉన్నాయని ఆ నిబంధనకు ఇచ్చిన వివరణలోనే స్పష్టంగా ఉంది. అందువల్ల ప్రచురణకర్త అనుమతి తీసుకోవలసిన పని గాని, రాయల్టీ చెల్లించవలసిన పని గాని లేదు. తయారీ ఖర్చుకు మించి వసూలు చేయకూడదు. ఆ ప్రతి దివ్యాంగులకే ఉపయోగపడుతూ బయట వ్యాపారంలోకి పోకుండా సంస్థ జాగ్రత్త పడాలి. ఏ పుస్తకం, ఎవరికి, ఏ తేదీన ఇచ్చారో ఒక రిజిస్టరులో రాసుకుంటే ఆ జాగ్రత్తకు రుజువు ఉంటుందని నా అభిప్రాయం.

అదే సెక్షన్ విడి వ్యక్తులకూ వర్తిస్తుంది. మీరే పుస్తకాన్ని టైపు చేసి గాని, చదివి రికార్డు చేసి గాని మీ తమ్ముడికి ఇవ్వవచ్చు. చూపు లేని అతని స్నేహితులకు చదువు నిమిత్తం పంచవచ్చు. క్లాసు మొత్తం ఉన్న వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ ఫైలు పెట్టకండి, ఎందుకంటే అక్కడితో ఈ మినహాయింపు రక్షణ పోతుంది. చూపు లేనివారికి పుస్తకాలు అందుబాటులోకి తేవడానికి 2013లో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014 జూన్‌లో, ధ్రువీకరించినది మన దేశమే. 2016లో ప్రారంభమైన ‘సుగమ్య పుస్తకాలయ’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో మీకు కావలసిన పుస్తకం ఇప్పటికే ఉందేమో ముందుగా వెతికించండి. ఉంటే సగం శ్రమ తప్పుతుంది.

చట్టం అనుమతించినంత మాత్రాన మార్చి ఇవ్వవలసిన బాధ్యత కూడా ఉన్నట్టేనా అన్నది తరువాతి ప్రశ్న. దీనికి దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 చూడాలి. ముద్రిత, శ్రవణ, ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని సమాచారమంతా అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని సెక్షన్ 42 చెబుతోంది. విద్యాసంస్థలు ఒక్కొక్క విద్యార్థి అవసరాన్ని బట్టి సహేతుకమైన సౌకర్యం కల్పించేలా చూడాలని సెక్షన్ 16 చెబుతోంది గాని, అందులో ప్రభుత్వం ‘ప్రయత్నించాలి’ అన్న మెత్తని మాట వాడారు. అవతలి వకీలు పట్టుకునేది ఆ మాటనే. దానికి సమాధానం సెక్షన్ 2(హెచ్)లో ఉంది: సహేతుకమైన సౌకర్యాన్ని నిరాకరించడం కూడా వివక్షేనని అక్కడ నిర్వచించారు, వివక్షను సెక్షన్ 3 నిషేధించింది.

అందుబాటు ప్రమాణాలకు సంబంధించి, ఈ దివ్యాంగుల హక్కుల చట్టం కింద చేసిన 2017 నిబంధనలలోని 15(1)వ నిబంధన సూచనప్రాయంగా మాత్రమే ఉన్నదనీ, అది మూల చట్టానికి విరుద్ధమనీ రాజీవ్ రటూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తేల్చి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. నిబంధన కొట్టివేశారు కనుక తమకు బాధ్యత లేదని ఎవరైనా అంటే నమ్మకండి. బాధ్యత పుట్టింది చట్టం నుంచే. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని ప్రజ్ఞా ప్రసూన్ కేసులో 2025 ఏప్రిల్ 30న అదే న్యాయస్థానం చెప్పింది. ఆ కేసు బ్యాంకులు మొదలైనవి ఖాతాదారుల గుర్తింపును సరిచూసే ప్రక్రియ అయిన కేవైసీకి సంబంధించినదైనా, అందులోని సూత్రం మీకూ పనికివస్తుంది.

ఇక చేయవలసిన పని. నోటిమాటగా అడిగినదానికి రికార్డు ఉండదు కాబట్టి మీ తమ్ముడి పేరుతో సంస్థ అధిపతికి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టించండి. ‘అన్ని పుస్తకాలూ మార్చి ఇవ్వండి’ అని రాస్తే అది మూలన పడుతుంది. ఈ సెమిస్టరుకు కావలసిన పుస్తకాల పేర్లు, అధ్యాయాలు, ఏ తేదీలోగా కావాలో రాయండి. లోపం ఏమిటో కూడా చెప్పండి. పీడీఎఫ్‌లో ఒక వాక్యం మీద మౌస్ లాగినప్పుడు అక్షరాలు ఎంపిక కాకపోతే అది ఉత్త బొమ్మ. అక్షరాలు ఎంపికై, కాపీ చేసి వేరేచోట పెడితే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు వస్తే, అది ‘అను’ అనే ఫాంటు వంటి పాత ఫాంట్లలో కంపోజ్ చేసినది. స్క్రీన్ రీడర్ దానిని కూడా చదవలేదు. అందుచేత ‘యూనికోడ్ తెలుగులో, శీర్షికలు గుర్తించిన వర్డ్ లేదా ఈపబ్ ఫైలుగా’ ఇమ్మని అడగండి (యూనికోడ్ అంటే ఏ కంప్యూటరైనా అక్షరాలుగా గుర్తించే పద్ధతి, ఈపబ్ అంటే ఈ-పుస్తకాల ఫైలు రకం). స్కాన్ బొమ్మలను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్లు తెలుగు ఒత్తుల దగ్గర బాగా తడబడతాయి కనుక, ఒకరు సరిచూసిన తరువాతే ఇవ్వాలని కూడా చేర్చండి. సదరం సర్టిఫికెట్ నకలు జతపరచి, అర్జీ రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

సమాధానం రాకపోయినా, నిరాకరించినా, దివ్యాంగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 80 కింద రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కమిషనర్ సిఫార్సు చేస్తే ఆ సంస్థ మూడు నెలల్లోగా తీసుకున్న చర్య తెలపాలి. అంగీకరించకపోతే కారణాలను కమిషనర్‌కూ, ఫిర్యాదుదారుకూ తెలియజేయాలి. సెక్షన్ 23 కింద ఫిర్యాదు చేయమని కొందరు చెబుతుంటారు, కాని అది ఉద్యోగుల ఫిర్యాదులకు ఉద్దేశించినది. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల రూపాయల వరకు జరిమానా ఉన్నదన్న సంగతిని మొదటి అర్జీలోనే ప్రస్తావించవద్దని నా సలహా. మీకు కావలసింది పరీక్షలలోపు పుస్తకాలు. కమిషనర్ దగ్గర కూడా పని కాకపోతే హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ సంస్థకు ఆదేశం ఇమ్మని కోరే పిటిషన్, వేయవచ్చు. దానికి వకీలు ఫీజు గురించి దిగులుపడనక్కరలేదు: న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని సెక్షన్ 12 ప్రకారం దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది, కనుక శ్రీకాకుళంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు.