వీడియో సంగతి సరే, ఫైలు ఎవరి చేతిలో ఉంది?

"బూతు వీడియోల్లో దొరికిన నాయకులు, పెద్దమనుషులు కొన్నాళ్లకే మళ్ళీ దండలు వేయించుకుని తిరుగుతున్నారు. మన జనానికి పట్టింపు లేదా?" అని మీరు అడిగారు. పట్టింపు బోలెడుంది. పట్టించుకోవాల్సిన చోట మాత్రం లేదు. నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ శాఖ ప్రధాన కార్యాలయంలో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. సర్వీసు దాదాపుగా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిచింది. నియామకాలు, బదిలీలు, సస్పెన్షన్లు అన్నీ మా బల్లల మీదుగానే పోయేవి. కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

2009 డిసెంబరు గుర్తుందా? 9న తెలంగాణ ప్రకటన, 23న దాని మీద మరో ప్రకటన, ఊరంతా బందులు. అంత వేడిలో 25వ తేదీన, క్రిస్మస్ నాడు, ఒక తెలుగు ఛానెల్ రాజ్‌భవన్ టేపులంటూ బొమ్మలు వేసింది. అప్పటి గవర్నరు ఎన్.డి. తివారీ ఆడవాళ్లతో ఉన్న దృశ్యాలని చెప్పింది. హైకోర్టు ప్రసారం ఆపమంది. ఆయన అవన్నీ అబద్ధాలన్నారు, మర్నాడే అనారోగ్యం పేరుతో రాజీనామా చేశారు. సెలవులయ్యాక మా క్యాంటీన్‌లో ఎవరి నోట విన్నా అదే ముచ్చట. ఆయనకు అప్పుడు 84 ఏళ్లు. మాటలన్నీ ఆ 84 చుట్టూనే తిరిగాయి. మగవాళ్లు గ్లాసులు పట్టుకుని నవ్వుకున్నారు, మేం ఆడవాళ్లం టిఫిన్ డబ్బాలు సర్దుకుని సెక్షన్‌లోకి వచ్చేశాం.

అదే కథనంలో ఇంకో ముక్క ఉంది. గనుల లీజు ఇప్పిస్తానని మాట ఇచ్చి, దానికి బదులుగా ఆడవాళ్లను పంపించమన్నారని ఒక మహిళ ఆరోపించింది. నిజమో అబద్ధమో తేల్చాల్సింది ఆ ముక్కనే. గని లీజు గాల్లో పుట్టదు. దరఖాస్తు ఉండాలి, గనుల శాఖలో ఫైలు నంబరు ఉండాలి, అది ఏ బల్ల దగ్గర ఆగిందో, ఎవరి ఫోనుతో కదిలిందో ఉండాలి. ఆ ఫైలు చూపించమని అడిగిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కరూ నాకు కనబడలేదు. పదవిలో ఉన్నంతవరకే గవర్నరు మీద క్రిమినల్ కేసు నడవకూడదని రాజ్యాంగం 361వ అధికరణం చెబుతుంది. దిగిపోయాక ఆ అడ్డు లేదు. అయినా రాజీనామాతోనే అందరికీ ఆకలి తీరిపోయింది.

నేను ఇంత కోపంగా ఎందుకు రాస్తున్నానో చెప్పాలంటే ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఊరు, శాఖ, నాయకుడి పేరు చెప్పను. ఆమె ఇవాళ ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని చదివించుకుంటోంది, ఆమెను ఎవరూ పోల్చుకోకూడదు.

భర్త మా శాఖలోనే జిల్లా ఆఫీసులో పనిచేస్తూ పోయాడు. కారుణ్య నియామకం కింద ఆమెకు జూనియర్ అసిస్టెంట్ పోస్టు రావాలి. డిగ్రీ ఉంది, ఖాళీ ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి. మా సెక్షన్ నుంచి ఫైలు పైకి వెళ్లి "మాట్లాడండి" అనే ఒక్క ముక్కతో తిరిగొచ్చింది. ఫైల్లో లోపమేమీ దొరకనప్పుడు, అయినా సంతకం పెట్టే ఉద్దేశం లేనప్పుడు ఆఫీసర్లు రాసే మాట అది. వెళ్లి మాట్లాడితే ఆయన నా వైపు చూడకుండా "పేషీ నుంచి ఆగమన్నారమ్మా" అన్నాడు. పేషీ అంటే ఆ నాయకుడి ఆఫీసు. ఎందుకు ఆగాలో చెప్పలేదు.

ఆమె పొద్దున్నే బస్సెక్కి వచ్చి మా సెక్షన్ బయట వరండాలో బల్ల మీద కూర్చునేది. చేతిలో బట్టల షాపు వాళ్లిచ్చే మందపాటి ప్లాస్టిక్ కవరు. అందులో భర్త మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, అత్తగారు వేలిముద్ర వేసిచ్చిన నిరభ్యంతర పత్రం, మేం అడగకముందే తీయించి పెట్టుకున్న జిరాక్సులు. ఒకరోజు ఆమె ఫోను ఆగకుండా మోగుతోంది. ఎత్తడం లేదు, కట్ చేయడం లేదు. ఒళ్ళో ఆ కవరు మీద బోర్లా పెట్టి అరచేత్తో అదిమి పట్టుకుంది. మోగడం ఆగుతుంది, రెండు నిమిషాలకు మళ్ళీ మొదలవుతుంది. "ఇంటి నుంచేమో, ఎత్తమ్మా" అన్నాను. తల అడ్డంగా ఊపింది. అటెండరును టీకి పంపించి పక్కన కూర్చున్నాక చెప్పింది.

"సారు పీఏ మేడమ్. పొద్దుమూకినంక గెస్ట్‌హౌస్‌కు రమ్మంటున్నడు. ఒక్కదాన్నే రావాల్నట. తోడుకు తమ్ముడొస్తడు అంటే, తమ్ముడెందుకు, నీకు సంతకం కావాల్నా వద్దా అంటున్నడు."

గొంతు పెంచలేదు, కళ్లనీళ్లు పెట్టుకోలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. ఇంట్లో ఎవరికైనా చెప్పావా అని అడిగాను. "మా అత్తకు చెప్తే రేపటి సంది గడప దాటనియ్యది మేడమ్" అంది. వాడు నోరు తెరిచి అడిగినందుకు ఈమె ఇంట్లో బందీ కావాలి. తప్పు ఒకడిది, గడియ ఇంకొకరి తలుపుకు. మన సమాజంలో ఆడదాని నోరు మూయించడానికి బెదిరింపులు కూడా అక్కర్లేదు, ఇంట్లోవాళ్ల ప్రేమే చాలు.

ఆ మధ్యాహ్నం ఫైలు తెప్పించి కొత్త నోటు రాశాను. ఏ రూలు కింద అర్హత ఉందో, ఖాళీ ఎక్కడుందో, ఇంతకుముందు ఫైలు ఏ తేదీన ఏ మాటతో తిరిగొచ్చిందో వరసగా పెట్టాను. చివర "నియామక ఉత్తర్వుల కోసం, లేదా తిరస్కరించదలిస్తే కారణం నమోదు చేయడం కోసం సమర్పించడమైనది" అని రాశాను. ఉద్యోగుల సంఘంలో మహిళా విభాగం చూసే ఆవిడను వెంటబెట్టుకుని నేరుగా శాఖాధిపతి దగ్గరికి వెళ్లాం. "ఆగమని పేషీ నుంచి ఎవరు చెప్పారో ఆ పేరు ఫైల్లో రాయించండి సార్, మేం వెళ్లిపోతాం" అంది ఆవిడ. అలాంటి పేరు ఎవడూ కాగితం మీద పెట్టడు. ఆఫీసు మూసేలోపు సంతకమై ఫైలు కిందికి దిగింది.

ఆ అమ్మాయి పోలీసుల దగ్గరికి పోలేదు. పొమ్మని నేనూ బలవంతం చేయలేదు, బతుకు ఆమెది. ఆ నాయకుడు తర్వాతి ఎన్నికల్లో నిక్షేపంగా గెలిచాడు. ఆయన మీద ఈ రోజు వరకూ ఒక్క మచ్చ లేదు, ఎందుకంటే వీడియో లేదు. మీ ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. మీరు వీడియోల్లో దొరికినవాళ్ల లెక్క తీస్తున్నారు. దొరకనివాళ్లు ఎంతమందో సెక్షన్లలో కూర్చున్న మాలాంటి వాళ్లకు తెలుసు. కెమెరా వాళ్ల దాకా పోదు. పోయినా చూసే జనం మంచం వైపే చూస్తారు.

దీన్ని లంచం కింద చూడాలని నేను ఎప్పటినుంచో అంటున్నాను. ఇది నా సొంత పైత్యం కాదు. అవినీతి నిరోధక చట్టంలో ప్రతిఫలం అంటే డబ్బే కానక్కర్లేదని, డబ్బుతో కొలవగలిగేదే కానక్కర్లేదని స్పష్టంగా రాసి ఉంది. సంతకం కోసం పదివేలు అడిగినవాణ్ణి రంగు నోట్లతో పట్టుకుంటారు కదా, ఒంటరిగా రమ్మన్నవాడు అంతకంటే పెద్ద లంచం అడిగినట్టే. అధికారాన్ని అడ్డం పెట్టుకుని లొంగదీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 68వ సెక్షన్ కింద ఐదేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా జైలు. మరి ఎంతమందికి పడింది ఆ శిక్ష? అది అడగండి.

ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసుంటే, మధ్యలో ఏ ఫైలూ ఏ జీతమూ ఏ బెదిరింపూ లేకపోతే, అది ఎంత పెద్ద నాయకుడైనా నాకు అనవసరం. వ్యభిచారం నేరమనే 497వ సెక్షన్‌నే సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. భార్యకు జవాబు చెప్పుకోవాలి, అది వాళ్లింటి గొడవ. కానీ మన యూట్యూబ్ ఛానెళ్లకు ఈ రెండింటికీ తేడా లేదు. ఎర్ర బాణం గుర్తు, నోరు తెరిచిన ఒక బొమ్మ, "అడ్డంగా దొరికిన" అని ఒక శీర్షిక. లోపల చూస్తే ఒక చోట ఇష్టపడ్డ మనుషులుంటారు, ఇంకో చోట అత్యాచారం ఉంటుంది. రెండింటికీ అదే సంగీతం వేస్తారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

వీడియో బయటికొస్తే మంచిదే కదా అనేవాళ్లు కర్ణాటకలోని హాసన్‌ను చూడాలి. 2024 లోక్‌సభ ఎన్నికలప్పుడు అక్కడి అప్పటి ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ వీడియోలున్న పెన్‌డ్రైవ్‌లు ఊళ్లో పంచిపెట్టారు, ఆడవాళ్ల మొహాలు కూడా కప్పకుండా. ఆయన జర్మనీ వెళ్లి మే 31న తిరిగొచ్చాక అరెస్టయ్యాడు. జూన్‌లో ఎన్నిక ఓడిపోయాడు. 2025 ఆగస్టులో బెంగళూరు ప్రత్యేక కోర్టు, ఇంట్లో పనిచేసిన మహిళ పెట్టిన అత్యాచారం కేసులో యావజ్జీవం వేసింది. ఆమె చీర మీది డిఎన్‌ఏ ఆనవాళ్లు అందులో గట్టి సాక్ష్యం. ఆ వీడియోలు దర్యాప్తు అధికారుల చేతిలో సాక్ష్యం, సందేహం లేదు. అవే వీడియోలు రోడ్డు మీద పంచితే ఆ ఆడవాళ్ల మీద రెండో దాడి. అప్పట్లో మా కాలనీ గ్రూపులో ఒక పెద్దాయన, మనవలున్నవాడు, "ఎవరి దగ్గరైనా ఉందా, పంపండి" అని పెట్టాడు. నేను అదే గ్రూపులో ఆయన పేరు పెట్టి, అలాంటిది పంపితే ఐటీ చట్టం కింద జైలుకు పోతారని రాశాను. రెండు రోజులు ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోతే పోయారు.

ఇంకో బాధ కూడా చెప్పేస్తాను. 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఉద్యోగి కాని స్త్రీ కూడా ఫిర్యాదు చేయొచ్చని అందులోనే ఉంది. మా ఆఫీసులో ఆ కమిటీ బోర్డు రికార్డు రూములో ఇనుప బీరువా వెనక ఉండేది. దాని మీద పేర్లలో ఒకావిడ రిటైరైంది, ఇంకొకావిడ వరంగల్ బదిలీ అయింది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, కారణం చూపిస్తే ఇంకో మూడు. వరండాలో ఫోను బోర్లా పెట్టుకుని కూర్చున్న మనిషికి ధైర్యం రావడానికి మూడు నెలలు సరిపోతాయా? తన మీద వేధింపుల ఆరోపణ చేసినందుకు మాజీ కేంద్రమంత్రి ఎం.జె. అక్బర్ వేసిన పరువునష్టం కేసులో జర్నలిస్టు ప్రియా రమణిని నిర్దోషిగా వదిలేస్తూ 2021లో ఢిల్లీ కోర్టు, దశాబ్దాల తర్వాతైనా స్త్రీ తన బాధ చెప్పుకోవచ్చంది. చట్టంలో మాత్రం గడువు అలాగే ఉంది.

సినిమావాళ్ల సంగతీ అంతే. 2018లో నటి శ్రీరెడ్డి అవకాశాల పేరుతో జరిగే లైంగిక వేధింపుల మీద ఫిల్మ్ ఛాంబర్ దగ్గర నిరసన చేస్తే ఈ ఊరంతా ఆమె ఒంటి మీద బట్టల గురించే మాట్లాడింది, ఆమె అడిగిన అవకాశాల గురించి కాదు. తర్వాత సినిమా రంగంలో ఈ వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ తాలూకు ఉపసంఘం 2022లో నివేదిక ఇచ్చింది. కేరళలో మలయాళ సినిమాలో ఆడవాళ్ల పరిస్థితి మీద హేమ కమిటీ నివేదిక వచ్చాక, 2024 ఆగస్టులో సమంత మన నివేదిక కూడా బయటపెట్టమని అడిగింది. అలాంటిది ఒకటి ఉందని చాలామందికి తెలిసిందే అప్పుడు. వీడియో అయితే గంటలో ఇల్లిల్లూ తిరుగుతుంది, నివేదిక ఏళ్ల తరబడి బీరువాలో ఉంటుంది.

చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఇప్పుడు అలాంటి ఫోన్లు వస్తుంటే నా మాట వినండి. ఫోను తీసేయొద్దు, మెసేజులు చెరపొద్దు. ఏ రోజు ఏ టైముకు ఏ నంబరు నుంచి వచ్చిందో నోటుబుక్కులో రాసుకోండి. సంతకం కోసమే అడిగితే ఆడవాళ్ల కోసం పోలీసులు నడిపే షీ టీమ్స్‌తో పాటు ఏసీబీకి, అంటే అవినీతి నిరోధక శాఖకు, కూడా చెప్పండి, వాళ్ల నంబరు 1064. ఫిర్యాదులో మీ దరఖాస్తు ఇన్‌వార్డు నంబరు, తేదీ, ఫైలు ఏ సెక్షన్‌లో ఆగిందో తప్పకుండా రాయండి. "నాకేం తెలియదు, నేను ఎవరినీ పిలవలేదు" అని వాళ్లు ముందుగా చెప్పే మాట, ఫైలు కదలని తేదీలు పక్కన పెడితే నిలబడదు.